మూడు, తర్వాత ఒకటి

లింగియాడీహ్, బిలాస్‌పూర్
మే 12

చిరంజీవి జయప్రకాష్‌కి,

మేనత్త ఉషారాణి దీవెనలు. ఫోన్లు పనిచేసే రోజుల్లో వారానికోసారి "బాగున్నాను అత్తా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాడివి. ఇప్పుడు సైన్యంలో మీ ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టేశారట, ఇక ఉత్తరం రాయక తప్పదు నీకు. రైల్వే క్వార్టర్ వరండాలో ఆదివారాలు కూర్చోబెట్టి నీచేత అక్షరాలు దిద్దించింది నేనే. తప్పులుంటే ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిప్పి పంపిస్తాను, జాగ్రత్త.

కుదుదండ్‌లో కోడలు మాధవీలత, ప్రత్యూష బాగున్నారు. నీ కూతురికి తెలుగు చదవడం రాదు గానీ నా మీద హిందీలో జోకులు వెయ్యడం మాత్రం వచ్చు. మొన్న మీ ఇంటికెళితే "మామ్మా, రిటైరయ్యాక కూడా పట్టాలు చూసుకుంటూ నడుస్తావేం" అంది. కీమ్యాన్‌గా ఇరవై ఎనిమిదేళ్లు రోజూ ఆరు కిలోమీటర్లు పట్టాల వెంట బిగింపులు చూసుకుంటూ నడిచినదాన్ని. మీ సూర్యం మామయ్య ఆ పట్టాల మీదే పోతే ఆయన ఉద్యోగం నాకిచ్చారు. నేల చూడకుండా నడవడం ఇప్పుడు ఎక్కడ నేర్చుకోను?

ఇక్కడ ప్యాసింజర్ బళ్లు ఆపేసి నెల దాటింది. యార్డులో ఎటు చూసినా బొగ్గు, మిలిటరీ సరుకు. సరిహద్దులో గొడవ ఎప్పుడు తేలుతుందో గానీ రేషను మాత్రం రెండు నెలలుగా సగమే వస్తోంది. జనం ఓపిక పడుతున్నారు.

నిన్ను సరిహద్దు నుంచి తెచ్చి దేశం నడిమధ్యలో ఒక జంక్షన్‌లో పెట్టారని మాధవి చెప్పింది. అందరూ హమ్మయ్య అన్నారు. నేను అనలేదు. పక్కింటి అప్పలనర్సమ్మ అడిగింది కూడా, "ఏటి ఉషమ్మా, పిల్లడు గుళ్లకి దూరంగా వచ్చేసినాడు కదా, నీకేటి బెంగ?" అని. నా బెంగ అదే. పోలీసుకి ఆ ఊళ్లోనే ఇల్లుంటుంది. ఇవాళ లాఠీ ఎత్తినా రేపు ఆ వీధిలోంచే పాల ప్యాకెట్ తెచ్చుకోవాలి. మీకక్కడ ఎవరూ లేరు. పందొమ్మిదేళ్లుగా మీకు నేర్పింది ఎదురుగా ఉన్నవాడు శత్రువనే. రేషను అడగడానికి వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి ఆ నేర్పిందంతా మర్చిపోమంటే ఎలా మర్చిపోతారు?

కోపం తెచ్చుకోకు. నాకు నీ మీద నమ్మకం ఉంది. నిన్ను అక్కడికి పంపినవాళ్ల తెలివి మీద లేదు.

నీ
ఉషత్త


ఫీల్డ్ పోస్టాఫీసు (ఊరి పేరు రాయకూడదు)
మే 27

ఉషత్తకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. పట్టాల మీద సుత్తి పట్టుకుని నడిచినంత కాలం ఎవరి మాటా వినలేదు, ఇప్పుడు సైన్యాన్ని కూడా నువ్వే నడిపేలా ఉన్నావు.

ఇక్కడ పని తేలిక అత్తా. నాయబ్ సుబేదార్‌ని, నా కింద పన్నెండు మంది. లెవెల్ క్రాసింగ్ దగ్గరా, దానికి వంద మీటర్ల అవతల కల్వర్టు దగ్గరా మా కాపలా. రేషను వ్యాగన్లు పక్క లైన్లో మూడు వారాలుగా నిలిచిపోయి ఉన్నాయి. మిలిటరీ బళ్లకే దారి ఇస్తున్నారు కాబట్టి వాటిని తీసేవాళ్లు లేరు. కళ్లముందు బియ్యం పెట్టుకుని పస్తులుంటే ఎవరికైనా మండుతుంది. అప్పుడప్పుడు జనం వచ్చి గేటు దగ్గర కూర్చుంటారు, మైకులో నినాదాలిస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు.

మేం ఊరికే నిలబడితే చాలు. యూనిఫాం చూస్తే గౌరవం ఉంది. నిన్న స్కూల్లో వంట చేసే ఒకావిడ మజ్జిగ తెచ్చి మా వాళ్లందరికీ పోసింది. ఇలాంటి జనం మీద తుపాకి ఎత్తే పరిస్థితి రాదు, రానివ్వను. నువ్వు మాధవికి కూడా అదే చెప్పు.

తప్పులుంటే దిద్దుకో.

జయప్రకాష్


లింగియాడీహ్, బిలాస్‌పూర్
జూన్ 19

చిరంజీవి జయప్రకాష్‌కి,

నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. దిద్దలేదు, మనసు లేక.

పదహారో తారీఖు హిందీ పేపర్లో ఒక వార్త పడింది. ఊరి పేరుంది, లెవెల్ క్రాసింగ్ ఉంది, కల్వర్టు ఉంది. అది నువ్వున్న చోటేనని వేరే చెప్పక్కర్లేదు. దుండగులు సైనికుల వెనక నాలుగు బాంబులు పేల్చారట. "మొదట మూడు వరసగా, కాసేపటికి దగ్గర్లో ఒకటి" అని రాశారు. జనం సైనికుల మీదకి పరిగెత్తుకొచ్చారట. ఆత్మరక్షణకి కాల్పులు జరిపితే ఒక స్త్రీ చనిపోయింది, ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు. రాజేంద్ర అనే రైల్వే కీమ్యాన్‌ని ఆరు బాంబులతో పట్టుకున్నారు.

మాధవి పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అత్తా, మీ మేనల్లుడికి ఏటీ అవలేదు కదా" అని ఏడ్చింది. సైనికులకి దెబ్బల్లేవని అందులోనే ఉందని చూపించి, టీ ఇచ్చి పంపించాను. తర్వాత తలుపేసుకుని ఆ నాలుగు లైన్లూ పదిసార్లు చదివాను.

కీమ్యాన్‌కి డబ్బాలో పది పటాకాలిస్తారు. పట్టాకి బిగించే చిన్న రేకు బిళ్ల. బండి చక్రం ఎక్కితే పెద్ద చప్పుడు చేస్తుంది, డ్రైవరు వెంటనే బ్రేకు వేస్తాడు. దారికి ఏదైనా అడ్డం పడితే కీమ్యాన్ బండి వచ్చే వైపు పరిగెత్తి, ఆరు వందల మీటర్ల దగ్గర ఒకటి, పన్నెండు వందల మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. అంటే వచ్చే బండికి ముందు మూడు మోగుతాయి, తర్వాత ఒకటి. పదిలో నాలుగు పెడితే ఆరు మిగులుతాయి. ఇది బాంబుల లెక్కలా ఉందా నీకు?

అతను వాటిని సుత్తితో కొట్టి పేల్చాడని, ఆ టైముకి ఆ లైన్లో అసలు బండే లేదని పోలీసులు అంటున్నారట. అతని ఫోటో కూడా వేశారు, రెండు చేతులూ పైకెత్తించి. పటాకా మోగితే రేకు ముక్కలు చివ్వున లేస్తాయి, నలభై అయిదు మీటర్ల దూరంలో నిలబడమని మాకు నేర్పేవారు. దగ్గరుండి నాలుగు కొట్టినవాడి అరచేతులు అంత శుభ్రంగా ఉండవు.

నీకు ఒక్కటే ప్రశ్న. బండి వచ్చిందా, రాలేదా?

ఉషత్త


ఫీల్డ్ పోస్టాఫీసు
జూలై 2

ఉషత్తకి,

నేను క్షేమం. పేపర్లో వచ్చేవన్నీ నమ్మవద్దు, ఊహలూ చెయ్యవద్దు. విచారణ నడుస్తోంది. డ్యూటీ విషయాలు ఉత్తరాల్లో రాయకూడదు, నువ్వు కూడా అడగకూడదు. మా వాళ్లు ఉన్న పరిస్థితిలో చేయవలసింది చేశారు. ఆ రాజేంద్ర పొద్దున జనంతో పాటు గేటు దగ్గర కూర్చున్నవాడే. సాయంత్రం అయిదింటికి డ్యూటీ అయిపోతే ఆరింటికి పటాకాల డబ్బా అతని దగ్గర ఎందుకుంది?

ప్రత్యూషకి పుస్తకాలు కొనమని మాధవికి చెప్పు.

జయప్రకాష్


లింగియాడీహ్, బిలాస్‌పూర్
జూలై 11

చిరంజీవి జయప్రకాష్‌కి,

ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం తప్పు లేదు. నువ్వెప్పుడూ అలా రాయవు. ఎవరో చెబుతుంటే రాసినట్టుంది.

డబ్బా ఎందుకుందని అడిగావు కాబట్టి చెబుతున్నాను. తన బీటులో జనం పట్టాల మీద కూర్చుని ఉంటే గంట కొట్టగానే ఇంటికి పోయే కీమ్యాన్‌ని నేను చూడలేదు. పొద్దున అతను వాళ్లతో కూర్చున్నాడా, పార్టీ జెండా పట్టుకున్నాడా అనేది వేరే సంగతి. దారి అడ్డంగా ఉందంటే పరిగెత్తాలి. బండి ఉందా లేదా అని కూడా అడగం. నేను సిర్గిట్టి గేటు దగ్గర ఒకసారి అలాగే పరిగెత్తాను, పట్టా విరిగి ఉంటే. బండి ఆగాక డ్రైవరు దిగి నన్ను చూసి, "ఆడమనిషివి, ఇంత దూరం ఎలా పరిగెత్తావమ్మా" అన్నాడు. ఆ డ్రైవరు ఎవరో కాదు, మా అన్న శంకరరావు, మీ నాన్న. చెమటలో నన్ను గుర్తుపట్టలేదు. ఇంట్లో ఏడాది పాటు ఆ మాట పట్టుకుని ఏడిపించాను.

పటాకా చప్పుడు నీకు తెలియదని నాకు చెప్పకు. మీ నాన్న రిటైరైన రోజున ఆఖరి బండి యార్డులోకి తెస్తుంటే షెడ్డు వాళ్లు పద్ధతి ప్రకారం పట్టాలకి పటాకాలు కట్టారు. ఇంజను వాటి మీదుగా వచ్చింది. పదకొండేళ్లవాడివి, చెవులు మూసుకోమంటే మూసుకోలేదు. తర్వాత వారం రోజులు ఇంట్లో ఆ చప్పుడు నోటితో చేసి మా ప్రాణాలు తీశావు.

ఇంకో మాట. ఆ సాయంత్రం మూడు పటాకాలు మోగగానే జనం మీ మీదకి పరిగెత్తారన్నారు. అది రైల్వే ఊరు. అక్కడ పుట్టిన చంటిపిల్లకి కూడా ఆ చప్పుడుకి అర్థం తెలుసు, బండి వస్తోంది, లే అని. వాళ్లు పట్టాల మీంచి పారిపోయారు. పారిపోయిన వైపు మీరున్నారు. అంతేనా?

అతని మీద పెట్టిన అత్యవసర చట్టం కింద ములాఖత్ కూడా ఇవ్వరట. భార్య మూడు వారాలుగా జైలు గేటు దగ్గర నిలబడి తిరిగొస్తోందని మన యూనియన్ వాళ్లు చెప్పారు. పట్టాల మీద కూర్చున్నవాళ్లు బండి వచ్చిందని చెబుతూనే ఉన్నారు గానీ వాళ్లందరి మీదా కేసులే, ఎవరు నమ్ముతారు? ఇంక మిగిలింది మీరు. అందులో పటాకా ఏదో, బాంబు ఏదో తెలిసినవాడివి నువ్వొక్కడివి.

ఉషత్త


(సెలవు మీద వెళ్తున్న జవాను చేతికిచ్చి పంపిన ఉత్తరం)
జూలై 24

అత్తా,

ఇది పోస్టులో వేయడం లేదు. మిలిటరీ బండిలో రాయగఢ్ వెళ్లే మనిషి బిలాస్‌పూర్ స్టేషన్లో దిగి నీకిస్తాడు. అతనికి అన్నం పెట్టు.

బండి వచ్చింది. మిలిటరీ సరుకు బండి, దాని రాకపోకలు ఏ రిజిస్టర్లోనూ రాయరు. అందుకే పోలీసులు బండి లేదంటే కాదనేవాళ్లు లేరు. మా వాళ్లని నోరు మెదపవద్దన్నారు. డ్రైవర్ని ఎక్కడికో మార్చేశారు.

ఆ సాయంత్రం పోలీసులు లేరు, కాల్పులకి అనుమతి ఇవ్వవలసిన మేజిస్ట్రేటు గేటుకి అవతలి వైపున్నాడు. నేను కల్వర్టు దగ్గర, మొహం జనం వైపు. వెనక గుట్ట తవ్వి వేసిన దారి, ఆ పైన మలుపు. మైకు హోరు. మొదటి మూడూ దూరంగా మోగాయి. వరసగా.

నాకు తెలిసిపోయింది అత్తా. ఇది ఎవరికీ చెప్పలేదు, మాధవికి కూడా. మూడో దానికల్లా నాకు తెలుసు అవి పటాకాలని. సన్నగా హారన్ కూడా విన్నాను. నాలుగోది మోగేదాకా దాదాపు నిమిషం టైముంది. "కదలకండి, పటాకాలవి, బండి వస్తోంది, జనానికి దారివ్వండి" అంటే సరిపోయేది. ఆరు మాటలు.

అనలేదు. నా వాళ్లలో ఒకడు "సాబ్, వెనకనుంచి చుట్టుముడుతున్నారు" అన్నాడు. పన్నెండు మందీ నా మొహం చూశారు. ఒకవేళ నేను పొరబడితే అనుకున్నాను. పటాకాలని చెప్పి, అవి నిజంగా బాంబులై, వీళ్లలో ఒక్కడు పోతే ఏం చెప్పను అనుకున్నాను. సరిహద్దులో చప్పుడైతే ముందు శత్రువనుకోవాలి, తర్వాత కనుక్కోవాలి. అలా అనుకున్నందుకే ఇన్నేళ్లు బతికాను, నా వాళ్లని బతికించాను. ఆ అలవాటే గెలిచింది. రైల్వే క్వార్టర్లో పెరిగినవాడు నాలో ఒకడున్నాడు, వాడికి అంతా తెలుసు, కానీ వాణ్ణి మాట్లాడనివ్వలేదు నేను.

జనం పట్టాల మీంచి లేచి మా గట్టు వైపు పరిగెత్తుకొచ్చారు. నాలుగోది దగ్గర్లో మోగింది. నేనే ఫైర్ అన్నాను. అయిదు రౌండ్లు. బండి మలుపు తిరిగి కనబడేసరికి అంతా అయిపోయింది.

చనిపోయినావిడ పేరు ఫూల్‌మతి. మజ్జిగ పోసినావిడ. మా వైపే ఎందుకు పరిగెత్తిందో నాకు తెలుసు. మేం తెలిసినవాళ్లం కాబట్టి.

నువ్వు మొదటి ఉత్తరంలో రాసిందే నిజమైంది. నా వాళ్లు చెడ్డవాళ్లు కారు అత్తా. మమ్మల్ని ఆ పనికి తయారుచెయ్యలేదు, అయినా ఆ పనికి పెట్టారు. కానీ అది చెప్పి తప్పించుకోవడానికి నాకు వీల్లేదు, ఎందుకంటే ఆ నిమిషం నా దగ్గరుంది.

సెప్టెంబరులో రాజేంద్ర కేసులో నేను సాక్షిని. వాంగ్మూలం టైపు చేసి ఉంచారు. బాంబులు, దాడి, ఆత్మరక్షణ. బండి మాట లేదు. సంతకం పెడితే డిసెంబరుకి సుబేదార్‌ని అవుతాను.

ఏం చెయ్యనని అడగడం లేదు. నువ్వేమంటావో తెలుసు. ఊరికే, ఎవరికైనా చెప్పాలనిపించింది.

జయ


లింగియాడీహ్, బిలాస్‌పూర్
ఆగస్టు 3

చిరంజీవి జయప్రకాష్‌కి,

నీ మనిషికి అన్నం పెట్టాను. బెండకాయ పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఈ ఉత్తరం తిరుగు ప్రయాణంలో అతనే తెస్తాడు.

నిన్ను తిట్టను, ఓదార్చను. రెండింటికీ నాకు హక్కు లేదు. ఆ హక్కు ఫూల్‌మతి ఇంటివాళ్లది. చదివిన రోజు అన్నం సయించలేదు, అంతే చెప్పగలను.

మాధవికి నేనే చెప్పాను. నువ్వు చెప్పవలసింది, కానీ అంతదాకా ఆగితే వేరే ఎవరి నోటో ఇంకోలా వింటుంది. తర్వాత "సుబేదారు అవ్వకపోతే ఏటవుద్ది అత్తా? జీతం తగ్గుద్ది. నాను కుట్టుపని మొదలెడతాను. ఆయన్ని మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని రాయండి" అంది. నీకు మంచి భార్య దొరికింది, ఆ సంగతి ఇన్నాళ్లూ నాకు సరిగ్గా తెలియలేదు.

ఇప్పుడు పని మాట. వాళ్లు టైపు చేసిన దాంట్లో దిద్దుబాట్లు చెయ్యకు. ఆ దిద్దుబాట్లలో నీ మాట పోతుంది. నీ చేత్తో నువ్వు రాయి. ఎక్కడ నిలబడ్డావు, ముందు ఎన్ని మోగాయి, ఎంతసేపటికి నాలుగోది మోగింది, బండి ఏ దిక్కునుంచి వచ్చింది. మూడు కాపీలు తియ్యి. ఒకటి కోర్టుకి, ఒకటి మీ కల్నల్‌కి, ఒకటి నాకు. నిన్ను గదిలో కూర్చోబెట్టి, కంగారులో పొరపాటు పడ్డానని రాస్తే చాలు, అందరికీ మంచిది అంటారు. నువ్వు పొరపాటు పడలేదు. తెలిసి మాట్లాడలేదు. అది రాస్తేనే మిగతాదంతా నమ్ముతారు.

భయపడకు.

ఉషత్త


ఫీల్డ్ పోస్టాఫీసు
సెప్టెంబరు 20

ఉషత్తకి నమస్కారాలు.

ముందు నా సంగతి, ఎందుకంటే మాధవి అదే ముందు అడుగుతుంది. నా రాతప్రతి చూశాక డ్యూటీ నుంచి తప్పించారు. నువ్వన్నట్టే గదిలో కూర్చోబెట్టారు. కంగారు అనే మాట పెట్టమని మూడుసార్లు అడిగారు, మర్యాదగానే. పెట్టలేదు. కోర్ట్ మార్షల్ ఉంటుంది, ఉద్యోగం ఉండకపోవచ్చు, జైలు కూడా పడవచ్చు. కల్నల్ సాబ్ బయటికి వెళ్తూ భుజం మీద చెయ్యి వేశారు. నాకు నిద్ర పడుతోంది అత్తా, జూన్ తర్వాత ఇప్పుడే.

ఇక పద్దెనిమిదో తారీఖు కోర్టు. అక్కడి మాటలు హిందీలో, నీకు తెలుగులో రాస్తున్నాను.

రాజేంద్ర నా వయసువాడే. చాలా చిక్కిపోయాడు. నేను లోపలికి వస్తుంటే నా యూనిఫాం వైపు చూసి తల దించుకున్నాడు. ఫూల్‌మతి కొడుకు వెనక బెంచీలో ఉన్నాడు. నేను రాసిందంతా నిలబడి చదివాను. సర్కారు వకీలు మధ్యలో రెండుసార్లు లేచాడు, జడ్జి కూర్చోమన్నారు. ఆ చప్పుళ్లు పటాకాలవని మీకెలా తెలుసు అని అడిగాడు. రైల్వే క్వార్టర్లో పెరిగాను, మా నాన్న డ్రైవరు, మా మేనత్త కీమ్యాన్ అని చెప్పాను. తెలిసి కాల్చమన్నారా అన్నాడు. అవునన్నాను. కొడుకు నన్నే చూస్తున్నాడు. నేనూ అతని వైపు చూసే చెప్పాను. అతను నన్ను ఏదైనా అనాలని నేను కోరుకోవడం లేదు.

జడ్జి నిందితుడికి ఆ రోజే ఇచ్చిన వకీలుని ప్రశ్నలున్నాయా అని అడిగారు. లేవన్నాడు. అప్పుడు రాజేంద్ర తనే లేచాడు. ఒక్కటి అడగనివ్వమన్నాడు. జడ్జి సరేనన్నారు.

"సాబ్, బండి ఎక్కడ ఆగింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మూడు పటాకాల దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డ అతన్ని బండి దాటుతుండగానే మా ఇంకో సెక్షను వాళ్లు పట్టుకుని బోర్లా పడేశారు. బ్రేకుల చప్పుడు విన్నాడు, అంతే. ఆ పైన ఏమైందో చూడలేదు. నీవల్ల మనిషి చచ్చిందని మాత్రం చెప్పారు. ఎలా చచ్చిందో చెప్పలేదు.

"గేటుకి ఎనభై అడుగుల ఇవతల ఆగింది" అన్నాను. "నలభై మంది ఇంకా పట్టాల మీదే ఉన్నారు, ముసలివాళ్లు. లేవలేకపోయారు."

"వాళ్లకి?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఫూల్‌మతి పోయింది మా తూటాకి. ఆ ఆర్డరు నాది."

అతను బోను కర్ర పట్టుకుని మెల్లగా కింద కూర్చుండిపోయి, అందరి ముందూ గట్టిగా ఏడ్చాడు. సాయంత్రానికి బెయిలిచ్చారు, భార్య వచ్చి తీసుకెళ్లింది.

అత్తా, మూడు నెలలుగా అతను ఆ బండి ఆగలేదనుకుంటున్నాడు.

జయప్రకాష్